కత్తిలాంటి పింగాణీ!

చూడ్డానికి బొమ్మకత్తిలా తెల్లగా, తేలిగ్గా ఉంటుంది. టొమాటో మీద ఆనించి లాగితే చాలు... కాగితంలాంటి ముక్క తెగిపడుతుంది. తుప్పు పట్టదు. నెలల తరబడి సాన అడగదు. కానీ కొబ్బరిచిప్ప దగ్గరకెళితే మాత్రం ‘టిక్’మని ప్రాణం వదిలేస్తుంది. సిరామిక్ కత్తి మన వంటింటికి పనికొస్తుందా? పనికొస్తే ఎంతవరకు?

పండక్కి వచ్చిన కోడలు సూట్‌కేసు తెరిచి, అత్తగారి చేతిలో ఓ చిన్న అట్టపెట్టె పెట్టింది. విప్పి చూస్తే లోపల తెల్లటి కత్తి.

‘‘ఇదేంటమ్మాయ్, పిల్లలు ఆడుకునే కత్తిలా ఉందీ!’’

‘‘సిరామిక్ కత్తి అత్తయ్యా. ఒక్కసారి టొమాటో కోసి చూడండి.’’

కోశారు. బాగా మగ్గి, మామూలు కత్తి కింద పెడితే నలిగి రసం కారే టొమాటో కాస్తా తొక్కతో సహా పల్చటి చక్రాల్లా తెగింది. ఉల్లిపాయలూ బీరకాయలూ బెండకాయలూ... వారం రోజులు ఆ ఇంట్లో ఆ కత్తిదే రాజ్యం. పక్కింటావిడ కూడా వచ్చి చూసి వెళ్లింది.

ఆ తర్వాతి ఆదివారం ఇడ్లీల్లోకి కొబ్బరి పచ్చడి. కాయ కొట్టి, చిప్పలోంచి కొబ్బరి ఊడదీయడానికి అత్తగారు ముప్ఫయ్యేళ్ల అలవాటు ప్రకారం కత్తిమొన గుచ్చి పక్కకి ఎత్తారు. ‘టిక్’! మొన విరిగింది. ఎక్కడ పడిందో కనిపించలేదు. తెల్లటి కొబ్బరిలో తెల్లటి ముక్కని ఎక్కడని వెతుకుతారు? పాపం, కొబ్బరంతా పారబోయాల్సి వచ్చింది.

సిరామిక్ కత్తి కొన్న చాలా ఇళ్లలో కాస్త అటూఇటూగా ఇదే కథ. ఇంతకీ తప్పు ఎవరిది? కత్తిదా, కోసినవారిదా? ఇద్దరిదీ కాదు. ఉక్కుకి అలవాటైన చెయ్యి పింగాణీని పట్టుకోవడమే అసలు చిక్కు.

జాడీకి చుట్టమే

మన ఇళ్లలో ఆవకాయని పింగాణీ జాడీలోనే ఎందుకు పెడతారు? ఏడాది పొడుగునా ఉప్పూ పులుపూ నూనే తగులుతున్నా జాడీకి ఏమీ కాదు కాబట్టి. దాని రంగు ఊరగాయకి అంటదు, ఊరగాయ రుచి మారదు. అదే ఇనప గిన్నెలో పెడితే నాలుగు రోజులకే రంగు, రుచీ రెండూ పాడవుతాయి. అమ్మమ్మల నాటి జాడీలు ఇప్పటికీ అటకల మీద కొత్తవాటిలా ఉన్నాయంటే కారణం అదే. కాకపోతే జాడీకి ఒక్కటే భయం... చెయ్యి జారడం.

సిరామిక్ కత్తి గుణమూ సరిగ్గా ఇదే. పులుపుకి చలించదు, నీళ్లకి తుప్పు పట్టదు, ఏళ్లు గడిచినా రంగు వెలిసిపోదు. కింద పడితే మాత్రం అంతే సంగతులు. ఒక్కమాటలో చెప్పాలంటే కత్తి రూపంలో ఉన్న జాడీ అన్నమాట.

అలాగని రెండూ ఒకే మట్టితో చేసినవి కావు. జాడీ బంకమట్టితో చేసింది. కత్తి చేసేది జిర్కోనియాతో. అంటే జిర్కోనియం అనే లోహం ప్రాణవాయువుతో కలిసి ఏర్పడిన తెల్లటి పొడి. 1789లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త మార్టిన్ క్లాప్రోత్ సిలోన్ నుంచి వచ్చిన జిర్కాన్ రాయిని పరీక్షిస్తూ ఈ మూలకాన్ని గుర్తించాడు.

పేరు కొత్తగా అనిపించినా జిర్కోనియా మనకి కొత్తదేం కాదు. పెళ్లిళ్లలో తళుక్కుమనే అమెరికన్ డైమండ్ నగల్లోని రాళ్లు జిర్కోనియావే. స్ఫటికాల అమరిక వేరు, అంతే. దంతవైద్యులు పాడైన పన్నుమీద తొడిగే తెల్లటి జిర్కోనియా క్యాపూ అదే జాతి. మెడలో నగ, నోట్లో పన్ను, చేతిలో కత్తి... మూడూ చుట్టాలే!

ఇంకో విశేషం. జిర్కాన్ ఎక్కువగా దొరికేది సముద్రతీరపు ఇసుకలో. మన భీమునిపట్నం, కళింగపట్నం తీరాల్లో నల్లగా మెరిసే బరువైన ఇసుకలో ఇల్మనైట్, గార్నెట్ లాంటి ఖనిజాలతోపాటు జిర్కాన్ కూడా ఉంది. హైదరాబాద్‌లో 1971లో మొదలైన న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో జిర్కాన్ ఇసుక నుంచే జిర్కోనియం ఆక్సైడ్ తీసి, దాని నుంచి లోహాన్ని చేసి, అణువిద్యుత్ కేంద్రాల్లో ఇంధనాన్ని ఉంచే గొట్టాలుగా మలుస్తారు. అంటే వంటింటి కత్తికి కావాల్సిన ముడిసరుకు మన గుమ్మం ముందే ఉందన్నమాట.

క్యోటోలో పుట్టి...

ఇసుకలోంచి వచ్చిన పొడిని కత్తిగా మార్చి ఇళ్లకు చేర్చింది మాత్రం జపాన్‌వాళ్లు. కజువో ఇనమోరి అనే ఇంజినీరు 1959లో, 27 ఏళ్ల వయసులో, క్యోటో నగరంలో ఓ చిన్న సంస్థ పెట్టాడు. పేరు క్యోటో సిరామిక్. టీవీ పిక్చర్ ట్యూబుల్లో వాడే చిన్న సిరామిక్ భాగాల తయారీతో మొదలైన ఆ సంస్థే తర్వాత క్యోసెరా అయింది. 1984లో సిరామిక్ వంటింటి కత్తుల్ని మార్కెట్లోకి తెచ్చింది. నష్టాల్లో మునిగిన జపాన్ ఎయిర్‌లైన్స్‌ని 2010లో బాధ్యత తీసుకుని మళ్లీ నిలబెట్టిన ఇనమోరీ, ఈ కత్తుల వెనకున్న ఇనమోరీ ఒక్కరే. 2022లో కన్నుమూశాడు.

తయారీ కూడా కుమ్మరి పనిలాంటిదే, కాకపోతే లెక్క పక్కాగా ఉంటుంది. జిర్కోనియా పొడిని అచ్చులో పోసి టన్నులకొద్దీ ఒత్తిడితో అదుముతారు. ఆనక దాదాపు 1,400 - 1,500 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాలుస్తారు. మన ఇటుకబట్టీల్లో వేడి వెయ్యి డిగ్రీలకు అటూఇటూ ఉంటుందనుకుంటే ఇదెంతో ఊహించుకోవచ్చు. ఆ వేడికి పొడిరేణువులు ఒకదానికొకటి అతుక్కుపోయి, ముక్క పొడవులో దాదాపు అయిదోవంతు కుంచించుకుపోతుంది. అంత గట్టిదాన్ని పదును పెట్టాలంటే మామూలు రాయి చాలదు. వజ్రపు పొడి అద్దిన చక్రాల మీద నూరతారు.

పగులుకి కాపలా

పింగాణీ కప్పు పగిలినంత తేలిగ్గా ఈ కత్తి పగిలితే ఎవరూ కొనరు కదా. అక్కడే శాస్త్రవేత్తల తెలివి పనిచేసింది.

శుద్ధమైన జిర్కోనియాకి ఓ జబ్బుంది. కొలిమిలోంచి తీసి చల్లారుస్తుంటే దాని స్ఫటికాలు ఆకారం మార్చుకుని నాలుగైదు శాతం ఉబ్బుతాయి. దాంతో వస్తువంతా నెర్రెలిచ్చి పగిలిపోతుంది. దీనికి విరుగుడుగా ఇట్రియా లాంటి మరో ఆక్సైడ్‌ని కొద్దిగా కలుపుతారు. అప్పుడు చల్లారినా స్ఫటికాలు ఉబ్బకుండా ఒదిగి ఉంటాయి.

అసలు చమత్కారం ఆ తర్వాతే. కత్తిలో ఎక్కడైనా సన్నటి పగులు మొదలైందనుకోండి. ఆ పగులు కొస దగ్గరున్న స్ఫటికాలు ఒక్కసారిగా ఉబ్బి, దాన్ని రెండువైపులనుంచీ నొక్కేస్తాయి. జనం తోసుకొస్తుంటే కాపలావాళ్లు చేతులు చాచి అడ్డంగా నిలబడ్డట్టు అన్నమాట! ఆస్ట్రేలియాలోని సీఎస్‌ఐఆర్‌వో పరిశోధకులు గార్వీ, హన్నింక్, పాస్కో ఈ సంగతిని 1975లో ‘నేచర్’ పత్రికలో ప్రకటించారు. ఆ వ్యాసానికి వాళ్లు పెట్టిన పేరు ‘సిరామిక్ స్టీల్?’. చివర్లో ఆ ప్రశ్నార్థకం గమనించారా? ఎంత కాపలా ఉన్నా దెబ్బని తట్టుకోవడంలో జిర్కోనియా మంచి ఉక్కుకి సాటిరాదు. మామూలు పింగాణీకన్నా ఎన్నో రెట్లు నయం, ఉక్కుకన్నా చాలా తక్కువ. కత్తి కొనేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సింది ఈ ఒక్క వాక్యమే.

అందుకే ఇష్టపడతారు!

కాఠిన్యాన్ని కొలవడానికి మోస్ స్కేలు అని ఒకటుంది. అందులో వజ్రానికి పదికి పది. కత్తుల్లో వాడే ఉక్కుది ఆరుకి అటూఇటూ. జిర్కోనియాది దాదాపు ఎనిమిదిన్నర. అంచు అంత గట్టిది కాబట్టే త్వరగా అరగదు. కూరగాయలూ పండ్లూ మాత్రమే కోస్తూ జాగ్రత్తగా వాడితే నెలల తరబడి పదును అలాగే ఉంటుంది.

ఇక్కడో చిన్న అపోహ తొలగించుకోవాలి. సిరామిక్ కత్తి ఉక్కుకన్నా ‘ఎక్కువ పదును’ అని అంటుంటారు. నిజానికి బాగా నూరిన ఉక్కు కత్తి మొదటిరోజు దీనికేమీ తీసిపోదు, మించినా మించొచ్చు. తేడా మొదటిరోజు కాదు, మూడోనెలలో తెలుస్తుంది.

బరువు మరో సుగుణం. జిర్కోనియా అదే పరిమాణంలో ఉన్న ఉక్కుకన్నా సుమారు పావువంతు తేలిక. బ్లేడు కూడా పల్చగా చేస్తారు కాబట్టి చేతిలో ఉన్నట్టే అనిపించదు. కీళ్లనొప్పులున్నవాళ్లకీ మణికట్టు నొప్పెట్టేవాళ్లకీ ఇది నిజంగా హాయి.

ఉల్లిపాయ సంగతి చెప్పనే అక్కర్లేదు. మొద్దుకత్తి ఉల్లిపొరని తెంచే ముందు నొక్కుతుంది. ఆ ఒత్తిడికి లోపలున్న రసం సన్నటి తుంపరగా ఎగజిమ్మి కళ్లలో పడుతుంది. 2025లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు హైస్పీడ్ కెమెరాలతో చిత్రీకరించి మరీ ఈ సంగతి తేల్చారు. పదునైన కత్తితో, నెమ్మదిగా కోస్తే తుంపర తగ్గుతుంది. అంటే ఏడిపించేది ఉల్లిపాయే అయినా సాయం చేసేది మాత్రం మన మొద్దుకత్తే! పదునున్న ఏ కత్తయినా కన్నీళ్లు తగ్గిస్తుంది. ఆ పదును ఎక్కువకాలం నిలవడం సిరామిక్ ప్రత్యేకత.

నలుపు కథ

‘సిరామిక్ కత్తితో కోస్తే ఆపిల్ రంగు మారదు’ అని దుకాణాల్లో చెబుతారు. ఇది సగం నిజం.

కోసిన ముక్క రంగు మారడానికి రెండు కారణాలు. ఒకటి, పండులోనే ఉండే పాలీఫినాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైము. కణాలు తెగి గాలి తగిలితే అది పని మొదలుపెడుతుంది. ఆపిల్, వంకాయ గోధుమరంగులోకి తిరిగేది దీనివల్లే. దీన్ని ఏ కత్తీ ఆపలేదు. కాకపోతే పదునైన కత్తి తక్కువ కణాల్ని చిదుముతుంది కాబట్టి మార్పు కాస్త నెమ్మదిస్తుంది. అందుకే ఎంత మంచి కత్తి ఉన్నా వంకాయముక్కల్ని ఉప్పునీళ్లలో వేయాల్సిందే.

రెండోది ఇనుము. అరటికాయ, ఉసిరికాయ, అరటిపువ్వు లాంటివాటిలో వగరుంటుంది కదా. ఆ వగరుకి కారణమైన టానిన్లు ఇనుముతో కలిస్తే నల్లరంగు పుడుతుంది. శ్రీకాళహస్తి కలంకారీ కళాకారులు వాడే నలుపు పుట్టేదీ ఇలాగే. వస్త్రాన్ని ముందు కరక్కాయ రసంలో నానబెడతారు. తుప్పు పట్టిన ఇనపముక్కల్ని బెల్లపునీళ్లలో ఊరబెట్టి, ఆ నీళ్లలో ముంచిన కలంతో గీస్తే నల్లగీత పడుతుంది. ఇనప కత్తిపీట మీద అరటికాయ తరిగితే ముక్కలతోపాటు మన వేళ్లూ నల్లబడటం వెనకున్నది ఆ రసాయనమే! సిరామిక్‌లో ఇనుము లేదు కాబట్టి ఈ రెండో నలుపు అసలు రాదు. అయితే ఒక్కటి... మంచి స్టెయిన్‌లెస్ స్టీలు కత్తితోనూ ఈ బాధ దాదాపు లేదు. ఇనప కత్తిపీట వాడేవాళ్లకే తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది.

ఇక్కడే వస్తుంది తంటా

ఉక్కుకత్తి మొద్దుబారడం అంటే చాలావరకు దాని అంచు ఓ పక్కకి వంగడం. రాయి మీదో, పింగాణీ కప్పు అడుగునున్న గరుకు అంచు మీదో నాలుగుసార్లు రుద్దితే మళ్లీ దారికొస్తుంది. సిరామిక్ అంచు వంగదు, రాలుతుంది. కంటికి కనిపించనంత చిన్న పెచ్చులు ఒక్కొక్కటే ఊడి, కొన్నాళ్లకి అంచు సన్నటి రంపంలా తయారవుతుంది. ‘జీవితాంతం సాన అక్కర్లేదు’ అనే మాట అందుకే నమ్మకూడదు. ఆలస్యంగానైనా అవసరం పడుతుంది.

అప్పుడు ఎవరి దగ్గరకెళ్లాలి? సైకిలు స్టాండేసి, పెడలు తొక్కుతూ నిప్పురవ్వలు రాల్చే సానపట్టే అతను దీన్ని బాగుచేయలేడు. ఆ చక్రం తగిలితే పెచ్చులు మరిన్ని ఊడతాయి. వజ్రపు పొడి అద్దిన ప్రత్యేక సాధనం కావాలి, చెయ్యి తిరిగినవాళ్లు కావాలి. మొన విరిగిందంటే ఇంట్లో చేయగలిగింది ఏమీ లేదు. చివరికి పాత ఇనుము కొనే అతను కూడా తీసుకోడు... అందులో ఇనుమే లేదాయె!

ఉక్కుతో ఈ బాధ లేదు. ఇది ఉక్కు తెలిసిన నేల. నిజామాబాద్ ప్రాంతంలోని కోనసముద్రంలో ఒకప్పుడు తయారైన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారు. అమ్మమ్మ కాలపు కత్తిపీట ఎన్నోసార్లు సానకెళ్లి, అరిగి అరిగి సగమైనా ఇంకా తెగుతూనే ఉంటుంది. దాని ఆయుష్షు దశాబ్దాల్లో ఉంటుంది. సిరామిక్ కత్తి ఆయుష్షు మాత్రం చెయ్యి జారేవరకే.

దానికి తోడు ఇప్పటి మన వంటిళ్లు. గ్రానైట్ గట్టు, విట్రిఫైడ్ టైల్స్ నేల, స్టీలు సింకు. మూడూ దీనికి శత్రువులే. గట్టు మీద నేరుగా పెట్టి కోసినా, గిన్నెల మధ్య సింకులో పడేసినా, చేతిలోంచి నేలమీద పడినా పెచ్చు లేవడం ఖాయం. పనమ్మాయికి ముందే చెప్పకుండా గిన్నెలతోపాటు వేసేసి, తర్వాత ఆ అమ్మాయిని కోప్పడితే ఏం లాభం?

మన కూరగాయలతో ఓ పరీక్ష

విదేశీ వంటింట్లో సిరామిక్ కత్తికి ఎదురయ్యే పరీక్షలు వేరు, మన దగ్గర వేరు. వారంలో మనం కోసేవాటిని ఓసారి వరసగా చూద్దాం.

టొమాటో, దోసకాయ, బెండకాయ, బీరకాయ, సొరకాయ, బీన్స్, క్యాప్సికం, ఉల్లిపాయ, పచ్చిమిర్చి: నిశ్చింతగా కోయొచ్చు. దీనికి అసలైన చోటు ఇదే.

పండ్లు: ఆపిల్, జామ, బొప్పాయి, అరటి... బాగుంటుంది. మామిడిపండు కోసేటప్పుడు మాత్రం టెంకకి తగలకుండా చెంపలు కోయాలి.

కొత్తిమీర, పుదీనా, గోంగూర: నలగకుండా తెగుతాయి. కానీ కట్టకట్టలు తరగాలంటే కత్తిపీటకున్న వేగం దీనికి రాదు.

మునక్కాడ: కోయడం వరకు ఫర్వాలేదు. సగం కోసి, కత్తితోనే పీచు పట్టుకుని లాగే అలవాటుందే... అది వద్దు. పక్కకి మెలితిప్పడం ఈ కత్తికి గిట్టదు.

వెల్లుల్లి: సన్నగా తరగొచ్చు. కత్తి అడ్డంగా పెట్టి అరచేత్తో చితక్కొట్టకూడదు. ఆ పనికి రోలు ఉండనే ఉంది.

గుమ్మడికాయ, కంద, పనసకాయ: వద్దు. కత్తి లోపల ఇరుక్కుంటే మనం అటూఇటూ ఊపి లాగుతాం. అక్కడే విరుగుతుంది.

చేపలు, చికెన్, మటన్: ఎముక లేని మెత్తటి ముక్కలైతే సరే. ముల్లు, ఎముక తగిలేవి, ఫ్రీజర్లోంచి తీసి ఇంకా గడ్డకట్టి ఉన్నవి వద్దు.

కొబ్బరి: ఆ అత్తగారి అనుభవం చాలు!

కొనేముందు... కొన్నాక...

దుకాణంలో రంగురంగుల కత్తులు కనిపిస్తాయి. గులాబి, పచ్చ, నీలం. వాటిలో చాలావరకు సిరామిక్ కావు. స్టీలు బ్లేడు మీద రంగుపూత వేసినవి. కొన్నింటి మీద ‘సిరామిక్ కోటెడ్’ అని రాసి ఉంటుంది. ‘కోటెడ్’ అన్నమాట చూశారా... అసలు కోసేది లోపలున్న స్టీలే. అనుమానముంటే ఫ్రిజ్ మీద అంటించే అయస్కాంతం ముక్కని దగ్గర పెట్టండి. అతుక్కుంటే అది సిరామిక్ కాదు. అతుక్కోకపోయినంత మాత్రాన సిరామిక్ అయిపోదు కానీ, తొలి వడపోతకి ఇది చాలు.

మొదటిసారి కొనేవాళ్లు పెద్ద సెట్టు జోలికి వెళ్లకుండా ఓ చిన్న కత్తితో మొదలుపెట్టడం మంచిది. బ్లేడు పొడవు ఎంత పెరిగితే దెబ్బ తగిలే అవకాశం అంత పెరుగుతుంది. తొడుగుతో వచ్చేది ఎంచుకోండి. వాడనప్పుడు తొడుగులోనే ఉంచాలి. స్టీలు చెంచాలూ గరిటెలూ ఉన్న సొరుగులో వట్టిగా పడేస్తే పదునుకి ప్రమాదం, వెతికే చేతికీ ప్రమాదం.

కోయడానికి చెక్కబోర్డో, ప్లాస్టిక్ బోర్డో వాడాలి. గాజు, మార్బుల్, గ్రానైట్ వద్దు. స్టీలు పళ్లెంలో పెట్టి కోసే అలవాటు మానుకోవాలి. తరిగిన ముక్కల్ని బోర్డు మీంచి గిన్నెలోకి తోయడానికి కత్తి అంచుతో గీరకుండా, తిరగేసి వెనకవైపుతో తోయాలి.

వాడగానే విడిగా కడిగి, తుడిచి పెట్టేయాలి. స్టీలు పీచుతో తోమితే తెల్లటి బ్లేడు మీద బూడిదరంగు చారలు పడతాయి. అవి గీతలు కావు. గట్టిగా ఉన్న బ్లేడే స్టీలు పీచుని అరగదీసి దాని లోహాన్ని తనకి పూసుకుంటుంది! మెత్తటి స్పాంజి చాలు. పచ్చిపసుపు, క్యారెట్, బీట్‌రూట్ కోస్తే బ్లేడుకి రంగు అంటొచ్చు. తయారీదారు సూచించినట్టు బ్లీచు కలిపిన నీళ్లలో కాసేపు ఉంచి కడిగితే పోతుంది. పొయ్యి మంట మీద కత్తి కాల్చే అలవాటుంటే ఈ కత్తితో వద్దు. ఒక్కసారిగా వేడీ ఒక్కసారిగా చల్లదనం తగిలితే పగిలే ప్రమాదముంది, పిడి ఎలాగూ కరుగుతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది... వారానికోసారి అంచుని వెలుగులో పెట్టి చూడాలి. కొత్తగా పెచ్చు లేచి కనిపించిందా, ఆ పూట కోసినవి తినకండి. సిరామిక్ ముక్క విషం కాదు. కానీ గాజుపెంకులాగే గొంతుకీ పేగుకీ గుచ్చుకోగలదు. కొబ్బరి పోతే పోయింది, రూపాయల్లో పోతుంది. విరిగిన కత్తిని పారేసేటప్పుడు నాలుగు పొరల కాగితంలో చుట్టి, టేపు వేసి, చెత్త తీసుకెళ్లేవాళ్లకి చెప్పి ఇవ్వడం మన బాధ్యత.

పిల్లలున్న ఇంట్లో ఇంకో జాగ్రత్త. ఉక్కుకత్తిని చూస్తే పిల్లలకి భయం ఉంటుంది. తెల్లగానో, రంగు పిడితోనో ఉన్న ఈ కత్తి వాళ్లకి బొమ్మలా కనిపిస్తుంది. అందుకే అందనంత ఎత్తులో పెట్టాలి. అన్నట్టు, ‘ఇది లోహం కాదుగా’ అనుకుని విమానంలో చేతిసంచిలో పెట్టుకునేరు! ఎక్స్‌రే తెర మీద ఇదీ కనిపిస్తుంది. దేంతో చేసినా కత్తి కత్తే... చెకిన్ సామాన్లలోనే వెళ్లాలి.

ఎవరి పని వారిదే

మరి కొనాలా వద్దా? రోజూ సలాడ్లూ పండ్లూ కోసుకునేవాళ్లకి, కూరగాయలు సన్నగా తరగడం ఇష్టమైనవాళ్లకి, చేతుల్లో బలం తగ్గినవాళ్లకి ఇది మంచి తోడు. ఇంట్లో ఒకే కత్తి ఉండాలంటే మాత్రం అది ఉక్కుదే అయి ఉండాలి. కొబ్బరి నుంచి కంద దాకా అన్నీ కోసి, కిందపడినా లేచి, సానకెళ్లి మళ్లీ కొత్తగా వచ్చేది అదొక్కటే. సిరామిక్ కత్తి రెండో కత్తి. ఉక్కు స్థానంలో కాదు, ఉక్కు పక్కన.

ఎండాకాలం వస్తే ఈ సంగతి ఏ ఇంట్లోనైనా కనిపిస్తుంది. ఆవకాయ కోసం తెచ్చిన పుల్లటి మామిడికాయని టెంకతో సహా ముక్కలు కొట్టాలి. ఆ పని బరువైన ఇనపకత్తే చేయాలి. పింగాణీని తెస్తే మొదటి కాయకే ముక్కలవుతుంది. కొట్టిన ముక్కలకి కారం, ఆవపిండి, ఉప్పు, నూనె పట్టించాక వాటిని ఏడాదంతా కాపాడటం మాత్రం ఇనుము వల్ల కాదు. అది పింగాణీ జాడీ పని. 

ఆ తెల్లకత్తి మొన విరిగాక అత్తగారు దాన్ని పారేయలేదట. మొన లేకపోయినా మిగతా అంచు బాగానే ఉందని వెలుగులో ఒకటికి రెండుసార్లు చూసుకుని, తొడుగు వేసి, జాడీల అలమరలో పెట్టుకున్నారు. ఇప్పుడు టొమాటోలకీ దోసకాయలకీ అదే కావాలి. కొబ్బరికాయ కనిపిస్తే మాత్రం... చెయ్యి తనంతట తానే పాత కత్తి వైపు వెళుతోంది!